చచ్చిన గడియారం చెప్పిన వేళ

డేటా డాక్టర్ చెయ్యి లాప్‌టాప్ మూత మీద పడేలోపే పిన్ని తన కళ్లజోడు తీసి ఆ మూత మీద పెట్టింది. దాన్ని జరిపితే గాని మూత తెరుచుకోదు. తల్లి వయసున్న మనిషి కళ్లజోడు జరపాలా వద్దా అని అతను క్షణం తటపటాయించాడు. ఆ క్షణం చాలు. పిన్ని కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు తీరిగ్గా కూర్చుంది.

"టైము పదకొండూ అయిదు. రాసుకోండి, ఇన్‌స్పెక్టర్ గారూ," అంది. "నిన్న మీరు సీలు వేసిన దగ్గర్నుంచి దీన్ని ఎవరూ ఆన్ చెయ్యలేదు కదా?"

ఎవరూ చెయ్యలేదని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. బుధవారం మధ్యాహ్నం మూడింటికి తనే స్వయంగా వైరు పీకి, సంచిలో పెట్టి సీలు వేశాడు. ఈ గురువారం పొద్దున అందరి ఎదుటా, ఇదే మేడగదిలో ఆ సీలు తెంపాడు. అంతా చెప్పి, జేబులోంచి పుస్తకం తీసి నిజంగానే టైము రాసుకున్నాడు. పిన్ని మాట కొట్టిపారేసి రెండు కేసుల్లో తల దించుకున్న అనుభవం ఆయనకుంది.

పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు. పంతొమ్మిదేళ్లు కంప్యూటర్ల రిపేరు కౌంటర్ వెనక కూర్చున్న మనిషి. కాలేజీ పిల్లలు మొదలుపెట్టిన ఆ పిలుపు ఊరంతా పాకిపోయింది. చెడిపోయిన మెషీన్లను బాగుచేస్తూ, వాటిని చెడగొట్టిన మనుషుల్ని పట్టుకోవడం కూడా అలవాటై, చివరికి రిపేరు బోర్డు దించి డిటెక్టివ్ బోర్డు ఎక్కించింది. మెషీన్ దానంతటది అబద్ధం ఆడదని, ఎవరో ఆడిస్తే ఆడుతుందని ఆవిడ గట్టి నమ్మకం.

డేటా డాక్టర్ అన్న పేరు మాత్రం అతను తనకు తానే పెట్టుకుని కార్డు మీద అచ్చు వేయించుకున్నది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. చేతులకు నీలం గ్లవుజులు, పక్కన చక్రాలున్న నల్ల పెట్టె. ఎంత పాత మోడల్ అయినా దానికి కావలసిన విడిభాగం తన పెట్టెలో ఉంటుందని వచ్చీ రాగానే రెండుసార్లు గొప్ప చెప్పుకున్నాడు. కొత్త వంతెన కట్టిన కంపెనీ వాళ్లే పోలీసులకు సాయంగా అతన్ని పంపించారు. అడగకుండా వచ్చే సాయాలంటే పిన్నికి మొదట్నుంచీ ఒళ్లు మంట.

గది పెద్దాయనది. నలభై ఏళ్లుగా వంతెనల పగుళ్లు కొలుస్తున్న ఇంజనీరు. పగులు కనిపిస్తే దాని పక్కన తెల్ల పెయింటుతో తేదీ రాయడం ఆయన వృత్తి అలవాటు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. కుర్చీ కాలు విరిగిన రోజు, ఫ్యాను మార్చిన రోజు, చివరికి స్టేప్లర్ మొండికేసిన రోజు కూడా వాటి మీదే తెల్లగా రాసి ఉన్నాయి. ఊరి కొత్త వంతెన మీద బండి కదలాలంటే ఆయన సంతకం కావాలి. ఆయనేమో బుధవారం పొద్దున ఈ మేడమెట్ల కింద తలకు దెబ్బ తగిలి స్పృహ లేకుండా దొరికాడు. ఇప్పటికీ ఆస్పత్రిలో కళ్లు తెరవలేదు.

ప్రింటర్ ట్రేలో మాత్రం వంతెన భేషుగ్గా ఉందని ఒక సర్టిఫికెట్, ఆయన సంతకంతో, ముద్రతో, బుధవారం తేదీతో దొరికింది. ఆ సంతకం బొమ్మా, ముద్రా ఈ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంటాయి. పెద్దాయన కాగితం ప్రింటు తీసి, కిందికి దిగుతూ కాలు జారి పడ్డాడని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు. ఆ కాగితం బలం మీదే ఈ సాయంత్రం నాలుగింటికి వంతెన తెరుస్తారు. మొదటి బండిగా నలభై రెండు మంది పిల్లలతో స్కూలు బస్సు దాటుతుంది. ఆ బస్సు డ్రైవరు ఎవరో కాదు, పెద్దాయన కూతురే. పిన్నిని పిలిపించింది ఆవిడే.

"మొదట్నుంచీ చెప్పమ్మా," అంది పిన్ని. "టైములు మాత్రం వదలకు."

కూతురు గోడకు ఆనుకుని నిలబడే చెప్పింది. బుధవారం ఎనిమిదీ పదికి నాన్న ఫోన్ చేశారు. ఆ సమయానికి ఆవిడ బస్సు నడుపుతోంది. స్టీరింగ్ పట్టుకున్నాక ఫోన్ ముట్టుకోకూడదన్నది ఆవిడ నియమం. స్కూల్లో మిగతా డ్రైవర్లందరికీ బండి నేర్పింది తనే కనుక అది అందరి నియమమూ అయింది. తొమ్మిదిన్నరకు అన్ని ట్రిప్పులూ పూర్తయ్యాక నాన్న వదిలిన మెసేజ్ విన్నది. ఆ మెసేజ్‌ను ఇప్పుడు అందరికీ వినిపించింది. మూడో స్తంభం పగులు తొమ్మిది రోజుల్లో రెండు మిల్లీమీటర్ల నుంచి అయిదుకు పెరిగిందట. "నేను సంతకం పెట్టనమ్మా. ఎవరో బెల్ కొడుతున్నారు, మళ్లీ చేస్తా." అంతే, ముసలి గొంతు అక్కడ ఆగిపోయింది.

తొమ్మిదీ యాభైకి ఇల్లు చేరి, మెట్ల కింద తండ్రిని చూసింది. అంబులెన్స్ పదీ రెండుకు గుమ్మం ముందు నుంచి కదిలింది. ఆస్పత్రి రిజిస్టర్‌లో చేరిన టైము పదీ ఇరవై ఒకటి.

"ఆ ఫోన్ ఎత్తి ఉంటే..." అని ఆవిడ సగంలో ఆపేసింది. రాత్రంతా ఆవిడ నిద్రపోలేదని కళ్లే చెబుతున్నాయి.

"ఎత్తి ఉంటే ఆ నిమిషం పిల్లల్ని ఎవరు చూసేవాళ్లు?" అంది పిన్ని. "చెయ్యని తప్పు నెత్తిన వేసుకోకు. బయల్దేరేటప్పుడు ఏమేం చేశావో చెప్పు. ఆలోచించకుండా చేసినవి కూడా."

తలుపు దగ్గరికి లాగానని, తాళం వేసిన గుర్తు లేదని ఆవిడ చెప్పింది.

"మెయిన్ ఆపేశాను, పిన్నిగారూ. ఇల్లు కదిలితే మెయిన్ స్విచ్ ఆపాలని నాన్న చిన్నప్పట్నుంచీ అలవాటు చేశారు. స్ట్రెచర్ పక్కన నడుస్తూనే చెయ్యి దానంతటది వెళ్లింది. కానీ ఒంటిగంటకు తిరిగొస్తే హాల్లో ఫ్యాను తిరుగుతోంది. ఆపాననుకుని ఆపలేదేమో అనుకున్నా."

పిన్ని కళ్లు డేటా డాక్టర్ మణికట్టు మీద ఉన్నాయి. ఇందాకటి నుంచి అతను గడియారం చూసుకోవడం ఇది మూడోసారి.

ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకుని, వైరు గుచ్చి, లాప్‌టాప్ ఆన్ చేసింది. తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది, పోయింది. ఆ తర్వాత నల్లటి తెర మీద తెల్ల అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం నిలిచింది. బూట్ డివైస్, అంటే తను లేవడానికి కావలసిన డిస్క్, దొరకలేదట.

డేటా డాక్టర్‌కు ప్రాణం లేచొచ్చింది. హార్డ్ డిస్క్ పోయిందని తాను ముందే చెప్పానన్నాడు. ఇలాంటి పాత మోడల్‌తో ఇక్కడ కూర్చుని కుస్తీ పట్టడం టైము దండగ అన్నాడు. ల్యాబ్‌కు తీసుకెళ్లి బయోస్ అప్‌డేట్ చేసి చూస్తాడట, రెండ్రోజుల్లో రిపోర్టు చేతికిస్తాడట. బయోస్ అంటే ఏమిటని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. అతను నోరు తెరిచేలోపే పిన్ని అందుకుంది. స్విచ్ నొక్కగానే లాప్‌టాప్‌లో అన్నిటికన్నా ముందు మేలుకునే చిన్న ప్రోగ్రామ్ అది. టైమెంతో, డిస్క్ ఎక్కడుందో, దాన్ని ఏ పద్ధతిలో చదవాలో మొదట అదే చూసుకుంటుంది. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోయిందంటే మెషీన్ ఇక లేవదు.

"డిస్క్ చచ్చిందో లేదో తర్వాత చూద్దాం," అంది. "చచ్చిందని చెప్పడానికి మీకు ఇంత తొందరేమిటో నాకు అర్థం కావట్లేదు."

"నా వృత్తి ఇదే, మేడమ్. మీరు కౌంటర్ మూసేసి చాలా ఏళ్లైనట్టుంది."

"కౌంటర్ మూశాను, కళ్లు మూసుకోలేదు," అని పిన్ని కూతురి వైపు తిరిగింది. "మీ నాన్న రోజూ దీన్ని ఎలా మొదలుపెట్టేవారమ్మా?"

రెండు రోజుల్లో మొదటిసారి ఆవిడ ముఖంలో నవ్వులాంటిది కనిపించింది. దానికో తతంగం ఉందని చెప్పింది. లోపల గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. అది చచ్చి ఆరేళ్లైంది. అప్పట్నుంచీ కరెంటు తీసేస్తే చాలు, లాప్‌టాప్ తేదీతో సహా అన్నీ మరిచిపోయి రెండు వేల తొమ్మిది జనవరి ఒకటికి వెళ్లిపోతుంది. డిస్క్‌ను ఏ పద్ధతిలో చదవాలో కూడా దానికి గుర్తుండదు. పొద్దున్నే మూడు పనులు చేసి దానికి అన్నీ గుర్తుచేయాలి.

"కొత్త బిళ్ల వేయిస్తానంటే ఒప్పుకోరు. ఆ మూడు పనులూ జ్ఞాపకం మీదే చేస్తారు. అవి మరిచిపోయిన రోజు సంతకాలు పెట్టడం మానేస్తానంటారు."

కళ్లైనా తెరవని ఆ ముసలాయన మీద పిన్నికి అక్కడికక్కడే గౌరవం పుట్టింది. తన బుర్ర పనిచేస్తోందో లేదో రోజూ పొద్దున్నే పరీక్ష పెట్టుకుని, ఆ తర్వాతే నలుగురి ప్రాణాల మీద సంతకం పెట్టే మనిషి అన్నమాట. అలాంటివాడు మెసేజ్‌లో పెట్టనన్న సంతకం గంటలో పెట్టాడంటే పిన్ని చెవిలో పువ్వు పెట్టినట్టే.

తండ్రి ఎప్పుడైనా ఊళ్లో లేకపోతే కావాలని పోయిన నెల రాసిచ్చిన చీటీ ఒకటి సొరుగులో ఉంది. కూతురు తీసిచ్చింది. చిన్న అక్షరాలు, గీసినట్టున్న వరుసలు. మొదటిది, ఆన్ చెయ్యగానే ఎఫ్ టూ నొక్కాలి. రెండోది, తేదీ, టైము సరిచేయాలి. మూడోది, మూడో పేజీలో రెండో వరుసకు వెళ్లి పాత పద్ధతికి మార్చాలి. పిన్ని మళ్లీ ఆన్ చేసి ఎఫ్ టూ నొక్కింది. తేదీ జోలికి వెళ్లకుండా నేరుగా మూడో పేజీ తెరిచి, రెండో వరుసలో చూసింది. అక్కడ కీబోర్డు కింది లైటు ఎంతసేపు వెలగాలన్న సంగతి ఉంది. డిస్క్ ఊసే లేదు.

డేటా డాక్టర్ పకపకా నవ్వాడు. "మూడు పనుల్లో ఒకటి అప్పుడే తప్పు రాశారు. ఆయన మాట ప్రకారమే పోయిన నెలలోనే సంతకాలు మానాల్సింది."

కూతురి ముఖం వాడిపోయింది. ఇన్‌స్పెక్టర్ పుస్తకం మూయబోయాడు. పిన్ని మాత్రం ఒక పేజీ ముందుకు జరిపి, వరుసలన్నీ వేలితో చూసుకుంటూ దిగింది. తనకు కావలసింది నాలుగో పేజీలో అయిదో వరుసలో దొరికింది.

"చీటీ తప్పు కాదు," అంది నిదానంగా. "ఇది ఆ చీటీ రాసినప్పటి బయోస్ కాదు. ఎవరో కొత్తది ఎక్కించారు. కొత్తది ఎక్కిస్తే ఈ మోడల్‌లో పేజీలు అటూ ఇటూ అవుతాయి. వీటిని వందల కొద్దీ చూశాను."

"ఆయనే ఎక్కించి ఉండొచ్చుగా. చీటీ మార్చడం మరిచిపోయి ఉండొచ్చు," అన్నాడు డేటా డాక్టర్.

మంచి ప్రశ్నే వేశాడని పిన్ని తల ఊపింది. ప్రశ్న ఎంత మంచిదైతే దొంగ అంత దగ్గర్లో ఉన్నట్టు లెక్క. దానికి ఒకే ఒక్క అడ్డు ఉందని ఆవిడ చెప్పింది. వైరు గుచ్చి ఉన్నా సరే, బ్యాటరీలో చార్జింగ్ లేకపోతే ఈ మోడల్ బయోస్ అప్‌డేట్‌కు ఒప్పుకోదు. మధ్యలో కరెంటు పోతుందేమోనని దాని భయం. పెద్దాయన బ్యాటరీ సంగతి ఏమిటని కూతుర్ని అడిగింది.

అది పోయి నాలుగేళ్లైందని ఆవిడ చెప్పింది. ఈ బల్ల మీంచి కదిలేది కాదు కనుక నాన్న మార్చలేదు. వైరు కాస్త కదిలితే చాలు, లాప్‌టాప్ టక్కున ఆరిపోతుంది.

పిన్ని చెయ్యి చాచి వైరు పీకేసింది.

తెర ఆరలేదు. వెలుగు కాస్త తగ్గింది, అంతే. నాలుగో పేజీ, అయిదో వరుస, అన్నీ అలాగే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ వంగి పీకిన వైరు చూశాడు, తెర చూశాడు, మళ్లీ వైరు చూశాడు.

"ఇది నాన్న బ్యాటరీ కాదు," అంది కూతురు.

"కాదు," అంది పిన్ని. వైరు మళ్లీ గుచ్చి, మొదటి పేజీకి వెనక్కి వచ్చింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ గడియారంలో ఎంత?"

"సరిగ్గా పదకొండున్నర."

"ఇక్కడ చూడండి. రెండు వేల తొమ్మిది, జనవరి రెండు. అర్ధరాత్రి దాటి గంటా ఇరవై రెండు నిమిషాలు. జనవరి ఒకటి, సున్నా గంటల నుంచి మొదలైన గడియారం ఇది. మొత్తం ఇరవై అయిదు గంటల ఇరవై రెండు నిమిషాలు నడిచింది. ఇప్పటి నుంచి అంత వెనక్కి లెక్కపెట్టండి."

ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ పట్టుకుని, పెదవులు కదుపుతూ తీసివేత చేశాడు. ఒకసారి తప్పు పోయి మళ్లీ చేశాడు. రెండోసారి వచ్చిన అంకె కింద గీత గీసి, పైకి చదివాడు. బుధవారం ఉదయం పదీ ఎనిమిది.

పిన్ని విడమరిచి చెప్పింది. కూతురు మెయిన్ ఆపగానే పైన లాప్‌టాప్ చచ్చింది, దాంతో దాని గడియారమూ చచ్చింది. అంబులెన్స్ పదీ రెండుకు కదిలింది. ఆరు నిమిషాల తర్వాత ఎవరో మెయిన్ మళ్లీ వేశారు. కరెంటు రాగానే గడియారం సున్నా నుంచి పరుగు మొదలుపెట్టింది. బయటి నుంచి వచ్చినవాడికి ఆరు నిమిషాల్లో ఇల్లు ఖాళీ అయిందని ఎవరు చెబుతారు? వాడు ఇంట్లోంచే వచ్చాడు.

"అంటే నాన్న తల ఒళ్లో పెట్టుకుని నేను అక్కడ కూర్చున్నప్పుడు..."

"పైనే ఉన్నాడమ్మా. ఈ గదిలోనే." పిన్ని ఆ మాట మెత్తబరచలేదు. కూతురు గోడ వదిలి ముందుకు వచ్చి పిన్ని కుర్చీ వెనక నిలబడింది. ఆవిడకు భయం పోయి కోపం వచ్చింది. రావలసింది అదే అని పిన్నికి సంతోషం వేసింది.

తర్వాత నాలుగో పేజీలో పద్ధతి మార్చింది. లాప్‌టాప్ ఈసారి ఏ పేచీ లేకుండా లేచింది. చచ్చిందన్న డిస్క్‌లో ఫైళ్లన్నీ బుద్ధిగా ఉన్నాయి. సర్టిఫికెట్ ఫైలు చివరిసారి సేవ్ చేసిన వేళ, రెండు వేల తొమ్మిది జనవరి ఒకటి, సున్నా గంటల ముప్ఫై ఒక్క నిమిషం. ఇన్‌స్పెక్టర్‌కు ఇప్పుడు లెక్క అలవాటైపోయింది. ఎవరూ అడక్కుండానే కూడేసి, బుధవారం పదీ ముప్ఫై తొమ్మిది అన్నాడు. ఆ వేళకు పెద్దాయన ఆస్పత్రిలో చేరి పద్దెనిమిది నిమిషాలైంది. స్పృహ లేని మనిషి సర్టిఫికెట్లు టైపు చెయ్యడు. ఇన్‌స్పెక్టర్ తన పుస్తకంలో కాలు జారిన సంగతి రాసుకున్న పేజీని అడ్డంగా కొట్టేశాడు.

డేటా డాక్టర్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. గ్లవుజులు ఒక్కో వేలూ లాగి తీస్తూ, పిన్నిని మెచ్చుకున్నాడు కూడా.

"టైము పట్టుకున్నారు, మేడమ్. మనిషిని పట్టుకోలేదు. ఊళ్లో బయోస్ తెలిసినవాళ్లు వందమంది ఉంటారు."

"ఉంటారు," అంది పిన్ని. లాప్‌టాప్ ఆపి, వెనక్కి తిప్పి, బ్యాటరీ ఊడదీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. నల్లగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా తెల్ల పెయింటు చుక్క లేదు. "ఎంత పాత మోడల్‌కైనా విడిభాగం మీ పెట్టెలో ఉంటుందన్నారు కదా. దీనికి సరిపోయే బ్యాటరీ ఒకటి ఇవ్వండి, చూసి ఇచ్చేస్తాను."

ఈ మోడల్‌ది లేదన్నాడు అతను. పొద్దున రెండుసార్లు ఉందన్న నోటితోనే లేదనేసరికి ఇన్‌స్పెక్టర్ కనుబొమలు పైకి లేచాయి. ఆయన నల్ల పెట్టెను తన వైపు లాక్కున్నాడు. డేటా డాక్టర్ చెయ్యి మూత మీద పడింది. ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి వైపు కన్నార్పకుండా చూశాడు. చెయ్యి వెనక్కి వెళ్లింది.

పై అరలో స్క్రూడ్రైవర్లు, పెన్ డ్రైవులు. కింది అరలో పసుపు గుడ్డ కింద ఒక బ్యాటరీ. పిన్ని దాన్ని అందుకుని వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది. దాని మీద తెల్ల పెయింటుతో నాలుగేళ్ల కిందటి తేదీ. దాని కింద, చీటీలో ఉన్న ఆ చిన్న అక్షరాల్లోనే, పోయింది అన్న ఒక్క మాట.

కూతురు ఆ అక్షరాలను వేలితో తడిమింది. ఎవరూ ఆవిడను ఆపలేదు.

"ఎక్కడ పప్పులో కాలేశావో చెప్పనా?" అంది పిన్ని. మీరు కాస్తా నువ్వు అయింది. "ఈ అమ్మాయి మెయిన్ ఆపగానే నీ పని సగంలో ఆగింది. కరెంటు వేసుకొచ్చాక లాప్‌టాప్ లేవలేదు. ఆయన మూడు పనులూ నీకు తెలియవు. చేయి తిరిగినవాడివి కనుక బయోస్ అప్‌డేట్ మొదలుపెట్టావు. అది బ్యాటరీ అడిగింది, నీ బ్యాటరీ వేశావు. చివరికి పద్ధతి మార్చి లేపావు, కాగితం తీశావు, మళ్లీ ఎవరూ లేపకుండా పద్ధతి వెనక్కి తిప్పావు. బల్ల మీద ఉన్నవన్నీ పెట్టెలోకి తోసుకుని పోయావు. నీ బ్యాటరీ మాత్రం దీంట్లోనే మరిచిపోయావు. ఇన్‌స్పెక్టర్ గారు వైరు పీకినప్పుడే ఆ గడియారం మళ్లీ చచ్చిపోవాల్సింది. దాన్ని రాత్రంతా బతికించింది నువ్వే."

డేటా డాక్టర్ ఆ బ్యాటరీ మీంచి చూపు తిప్పుకున్నాడు. పని చేతకాక దొరికిపోయిన సిగ్గే అతని ముఖంలో ఎక్కువగా ఉంది. అయితే మరుక్షణం తేరుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "రాసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. "తీరిగ్గా, అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి." అని మళ్లీ గడియారం చూసుకున్నాడు.

ఆరోసారి. పిన్ని లెక్క తప్పలేదు. దొరికిపోయినవాడికి టైముతో పనేమిటి? పొద్దున్నుంచీ ఈ మనిషి లాప్‌టాప్ కోసం ఎంత పాకులాడాడో, నిమిషాలు గడవడం కోసం అంతకంటే ఎక్కువ ఎదురుచూస్తున్నాడు.

"ఏ వేళ కోసం చూస్తున్నావు?"

ఇన్‌స్పెక్టర్ కాలర్ పట్టుకున్నాక గాని అతను నోరు విప్పలేదు. వంతెన తెరిచే పెద్దమనిషికి సాయంత్రం వేరే పని పడిందట. పొద్దున తొమ్మిదింటికే కార్యక్రమం మార్చేశారు, ఆ కబురు ఈ ఇంట్లో ఇంకెవరికీ అందలేదు. వంతెన తెరిచేది నాలుగింటికి కాదు, పన్నెండింటికి.

గోడ గడియారంలో పదకొండూ నలభై ఆరు.

కూతురు అప్పటికే స్కూలుకు ఫోన్ కలిపింది. ఆవిడ సెలవులో ఉంది కనుక ఆవిడ బస్సును ఇంకో డ్రైవరు తీసుకెళ్లాడు. పిల్లలతో బయల్దేరి పావుగంటైంది. ఇన్‌స్పెక్టర్ వంతెన దగ్గరున్న తన మనుషులకు ఫోన్ చేస్తున్నాడు. అక్కడి మైకుల హోరులో ఎవరికీ వినపడుతున్నట్టు లేదు. కూతురు ఆ డ్రైవరు నంబరు నొక్కింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

"ఎత్తడు, పిన్నిగారూ," అంది. "బండి నడుపుతూ ఫోన్ ఎత్తడు. నేనే నేర్పాను."

"ఇక్కణ్నుంచి వంతెనకు ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు." ఆవిడ ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాచింది. "నా చేతిలో అయితే ఎనిమిది."

ఇన్‌స్పెక్టర్ మారుమాట లేకుండా జీపు తాళాలు ఆ చేతిలో పెట్టాడు. కింద కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను కేకేసి డేటా డాక్టర్‌ను అప్పగించాడు. పిన్ని రెండు బ్యాటరీలూ చీర కొంగులో ముడి వేసుకుని, తండ్రి పడిన ఆ మెట్ల మీదుగానే కూతురి వెనక దిగింది. కూతురు రెండేసి మెట్లు దిగుతోంది.

గుమ్మం దగ్గర ఆవిడ చెయ్యి అలవాటుగా పైకి లేచి మెయిన్ స్విచ్ మీద పడింది. ఒక్క క్షణం అక్కడే ఆగింది. ఇప్పుడు ఆపితే, పైన వైరు ఒక్కదాని మీదే బతుకుతున్న ఆ గడియారం మళ్లీ చస్తుంది. స్విచ్ ఆపకుండా చెయ్యి తీసేసి, ఆవిడ జీపు వైపు పరుగెత్తింది.